పోయిన బండికి పరిహారము

సంగారెడ్డి నుండి నాందేడు దిక్కుగా పోవు రహదారిపై జోగిపేట దాటిన తరువాత అల్లాదుర్గము వచ్చును. బేతాళస్వామి గుడి యున్న ఊరని చుట్టుపట్లవారు దానికి గుర్తు చెప్పుదురు. ఆ ఊరిలో ఒక యింటి కొట్టములో 1961వ సంవత్సరపు అంబాసిడరు కారొకటి యున్నదనుకొందము. ఆ యింటి తాతగారు కొన్న కారది. కొడుకుల పెండ్లిండ్లకు పూలదండలు కట్టించుకొని తిరిగినది. కాన్పుల వేళ కోడండ్రను సంగారెడ్డి ఆసుపత్రికి చేర్చినది. తాతగారు పోయిన పిమ్మట మనుమడు దానిని అమ్మలేదు. రంగు వేయించి, సీట్లకు క్రొత్త బట్ట కుట్టించి, దసరానాడు పసుపు కుంకుమలు పెట్టి, ఏడాదికి పది పండ్రెండు మారులు రోడ్డు మీదికి తీయుచున్నాడు. ఒకనాటి తెల్లవారుజామున చూడగా కొట్టము తలుపు బార్లా తీసియున్నది. కారు లేదు.

ధర్మశాస్త్రములకు వ్యాఖ్యలు వ్రాసినవారు ఒక న్యాయమును విప్పి చెప్పుటకు ముందుగా ఒక యింటిని, ఒక యెద్దును, ఒక దొంగను కల్పించుకొనెడివారు. మేమును ఆ పద్ధతినే అనుసరించితిమి. ఇల్లు కల్పితము, మనుమడును కల్పితుడే. కాని అతడు అడుగబోవు ప్రశ్నలు రెండును చాల పాతవి. పోయిన సొమ్మునకు బాధ్యులెవరు? దాని వెల యెంతయని యెవరు నిర్ణయింపవలెను? మొదటి ప్రశ్నకు మన దేశమున దాదాపు వేయేండ్లుగా వేరువేరు సమాధానములు వచ్చినవి. రెండవ ప్రశ్నకు సరియైన సమాధానము కొఱకు పాత కార్లవారు నేటికిని కొంత పెనుగులాడుచునే యున్నారు.

అల్లాదుర్గమునకు పడమటి దిక్కున బీదరు, దాని కవతల కల్యాణి. నేడు ఆ పట్టణమును బసవకల్యాణ్ అనుచున్నారు. 1076 నుండి 1126 వరకు ఆ కల్యాణి రాజధానిగా ఆరవ విక్రమాదిత్యుడు రాజ్యము చేసెను. మన మెదకు సీమ నాడు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. ఆయన ఆస్థానమునందలి విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్య రచించెను. ఆస్తి పంపకముల విషయమున ఇంగ్లీషు న్యాయస్థానములు సైతము తలయొగ్గిన గ్రంథమది. దానిని పదమూడవ శతాబ్దిలో తిక్కన కాలమువాడైన కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగులో మొదటి ధర్మశాస్త్ర గ్రంథముగా దానిని పేర్కొందురు.

దొంగతనమును గూర్చి స్మృతి చెప్పినది వినదగినది. ఒక గ్రామమున సొత్తు పోయి, దొంగ జాడ ఆ గ్రామపు ఎల్లలు దాటిపోయినట్లు కనబడనిచో, ఆ దోషము గ్రామాధికారిది. పచ్చిక బీడులో పోయినచో బీడుకు అధికారియైనవాడు, బాటపై పోయినచో దొంగలను పట్టుటకు నియమింపబడిన ఉద్యోగి బాధ్యులు. అడుగుల జాడ ఏ గ్రామములోనికి పోయినదో ఆ గ్రామము నష్టము నీయవలెను. ఊరికి క్రోశెడు దూరమునకు ఆవల, ఏ గ్రామమునకును చెందని చోట పోయినచో, చుట్టునున్న ఐదు గ్రామములో, పది గ్రామములో కలిసి చెల్లింపవలెను. ఇవేవియు కుదురనప్పుడు రాజు ఉన్నాడు. దొంగనుండి సొమ్ము రాబట్టి సొంతదారునకు అప్పగించుట అతని విధి. రాబట్టలేనిచో తన బొక్కసమునుండి ఈయవలెను. పన్ను తీసికొనినవాడు కాపాడవలెను, కాపాడలేనివాడు తిరిగి యీయవలెనను లెక్క యిది.

ఈ మాటలు చెప్పి, బీమా అను వ్యవస్థ యంతయు మన స్మృతులలోనే యున్నదని చాటుట మా ఉద్దేశము కాదు. అట్టి గొప్పలు వినీ వినీ శ్రోతలు విసిగియున్నారు. స్మృతిలోనిది ఒక విధమైన జరిమానా. బీమా ఒక ఒడంబడిక. కాని రెండింటను కనబడు ఒక పోలిక కలదు. ఒక్కని యింట జరిగిన నష్టమును పదిమందిపై పరచినచో, ఆ పదిమందిలో నెవ్వరును నశింపరు, నష్టపోయినవాడును నిలుచును. మరియొక సంగతి. పరిహారమంతయు జాడను పట్టి నడచినది. జాడ తీయుటలో ఆలస్యమైనచో వాన వచ్చి అడుగులు చెరిగిపోవును. అప్పుడు ఏ గ్రామమును బాధ్యతను ఒప్పుకొనదు. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. మన అంబాసిడరు కథలో ఇది మరల వచ్చును.

తరువాతి శతాబ్దులలో తెలుగుదేశపు దక్షిణ భాగములందును, తమిళదేశమునందును కావలి పద్ధతి యుండెను. ఊరికి కావలివాడు, ఊళ్ల సముదాయమునకు పాలెగాడు. రైతులు ఇంటికింత, నాగలికింత, పంటకింతయని వారికి కావలి రుసుము ఇచ్చుచుండిరి. దానికి బదులుగా, సొత్తు పోయినచో కావలివాడు దానిని తెచ్చి యీయవలెను, లేదా వెల కట్టి చెల్లింపవలెను. ఏటేట ఒక చిన్న మొత్తము, నష్టము వచ్చినపుడు ఒక పెద్ద మొత్తము. ప్రీమియమునకును పరిహారమునకును ఇంతకంటె దగ్గరి చుట్టములు మన గ్రామ చరిత్రలో మాకు కనబడలేదు. అయితే ఈ పద్ధతికి తెగులు లేకపోలేదు. రుసుము చెల్లింపని ఊళ్లలో దొంగతనములు హెచ్చుచుండెననియు, అవి ఎవరు చేయించుచుండిరో ఊరందరికిని తెలియుననియు కంపెనీ దొరలు తమ నివేదికలలో వ్రాసియున్నారు. కంచె చేను మేయుట మన సామెతలలో ఊరక చేరలేదు.

1800లో నిజాము దత్తమండలములను కంపెనీకి ఇచ్చెను. తామస్ మన్రో అచ్చట ప్రధాన కలెక్టరుగా వచ్చి ఏడేండ్లు పనిచేసెను. ఆ కాలమునుండి పాలెగాండ్ర కావలి హక్కులు ఒక్కొక్కటిగా తొలగింపబడినవి. 1816లో మద్రాసు ప్రభుత్వము చేసిన శాసనము గ్రామ పోలీసు పనిని గ్రామ పెద్దలకు అప్పగించినది; 1859 నాటి చట్టముతో జీతపు పోలీసుబలము ఏర్పడినది. మన వైపున నిజాము రాజ్యములో మొదటి సాలారు జంగు 1865లో జిలాబందీ చేసి, జిల్లాలకు అధికారులను, పోలీసును ఏర్పరచెను. గ్రామమున పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ, వారి క్రింద సేత్‌సింధీలు ఉండిరి. ఈ పటేలు పట్వారీల వ్యవస్థ 1984 వరకు నడచి, ఆ యేట రద్దయినది.

ఈ మార్పునంతను చరిత్రకారులు శాంతిభద్రతల వృద్ధియని వ్రాయుదురు. అది నిజమే. కాని అందులో ఒక సంగతి మాటుపడినది. క్రొత్త ప్రభుత్వములు దొంగను వెదకు పనిని గ్రామమునుండి తీసికొనినవి. కాని పోయిన వెల చెల్లించు బాధ్యతను తీసికొనలేదు. రాజు బొక్కసమునుండి ఈయవలెనన్న స్మృతివాక్యమును ఏ ఇంగ్లీషు చట్టమును అనువదింపలేదు. అడుగుల జాడకు బదులు ఠాణాలో ఒక కాగితము వచ్చినది. దొంగ దొరకినచో సొమ్ము వచ్చును; దొరకనిచో సొంతదారుని అదృష్టము. ఈ ఖాళీలోనికే, చాలకాలము తరువాత, బీమా కంపెనీ వచ్చి కూర్చున్నది. కనుకనే బీమా కంపెనీ గుమాస్తా అడుగు మొదటి ప్రశ్న, పాత తలారి అడిగిన ప్రశ్నయే: జాడ తీసితిరా?

ఆ కంపెనీ నేలమీద పుట్టినది కాదు, నీటిమీద పుట్టినది. ఓడలకు, సరకులకు బీమా చేయుట యూరపు రేవులలో శతాబ్దుల నాటి ఆచారము. లండనులోని లాయిడ్స్ సంస్థవారు 1904లో మొదటి మోటారు పాలసీ వ్రాసిరి. ఆ తొలినాళ్లలో కారును ఏమని వర్ణింపవలెనో తెలియక, పొడినేలపై నడచు ఓడయని పాలసీలో వ్రాసెడివారని ఆ సంస్థవారే చెప్పుకొందురు. ఈ హాస్యములో ఒక మేలు కలదు. ఓడ పాలసీలలో ఒక మంచి ఆచారముండెను. ఓడ రేవు విడువక మునుపే దాని విలువ యింతయని ఇరుపక్షములును ఒప్పుకొని కాగితముపై వ్రాసికొనెడివారు. ఓడ మునిగిన పిమ్మట, మోసము లేనంతవరకు, ఆ విలువను తిరిగి ప్రశ్నింపరాదు. బ్రిటనులో 1906 నాటి సముద్రబీమా చట్టమును, మన దేశమున 1963 నాటి చట్టమును ఈ నియమమును స్థిరపరచినవి. నేలమీది ఓడకు మాత్రము ఆ నియమము వెంటరాలేదు. మోటారు బీమాలో విలువ నష్టమునాటిదే కాని, ఒప్పుకొన్న నాటిది కాదను పద్ధతి పాతుకొన్నది.

మన దేశమున 1850లో కలకత్తాలో స్థాపితమైన ట్రైటన్ కంపెనీ జీవితేతర బీమాకు ఆద్యమైనది. 1919లో దొరాబ్జీ టాటా బొంబాయిలో న్యూ ఇండియా కంపెనీని ప్రారంభించెను. తెలుగువారు వెనుకబడలేదు. మచిలీపట్టణములో 1923లో ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. 1972 నాటి చట్టముచే, 1973 జనవరి 1 నుండి, 107 కంపెనీల వ్యాపారమంతయు నాలుగు ప్రభుత్వ కంపెనీలలో చేరినది. 1999లో చట్టము మారి ప్రైవేటు కంపెనీలు మరల వచ్చినవి. వీటి నన్నింటిని అదుపుచేయు ప్రాధికార సంస్థ కార్యాలయము హైదరాబాదులోనే యున్నది. అల్లాదుర్గమువారికి అది దగ్గరే. అయినను దానిదాక పోవలసిన అవసరము చాలమందికి కలుగదు.

మోటారు చట్టముల సంగతి ఒకమాటలో చెప్పుదుము. 1914లో ఒకటి, 1939లో ఒకటి వచ్చినవి. 1946 జూలై 1 నుండి, బండి వలన ఇతరులకు కలుగు హానికి బీమా చేయుట విధిగా చేయబడినది. నేటి చట్టము 1988 నాటిది. ఇందు గమనింపవలసినది ఒక్కటే. చట్టము బలవంతపెట్టునది ఇతరులకు కలుగు హానికే. మన బండి మన కొట్టమునుండి పోయినచో చట్టపు బీమా చిల్లిగవ్వ ఈయదు. దొంగతనమునకు వేరుగా, ఇష్టపడి, స్వంత నష్టపు పాలసీ తీసికొనవలెను. ఏడాదికి పదిసార్లు మాత్రము తీయు పాతబండికి ఎందుకు దండుగయని చాలమంది చట్టమునకు కావలసినదానితో సరిపెట్టుకొందురు. మన మనుమడు అట్లు చేసియుండినచో ఈ ప్రసంగము ఇచటనే ముగియును. అతడు పూర్తి పాలసీయే తీసికొనెననుకొని ముందునకు పోవుదము.

ఇక వెల. మన దేశమున 2002లో అమలుకు వచ్చిన మోటారు టారిఫు, పాలసీలో బండి విలువను ఎట్లు వ్రాయవలెనో నిర్ణయించినది. అదే నమూనాకు నేటి అంగడి ధర యెంతయో చూచి, బండి వయస్సును బట్టి తరుగు తీయవలెను. ఆరు నెలల లోపు 5 శాతము, ఏడాది లోపు 15, రెండేండ్ల లోపు 20, మూడేండ్ల లోపు 30, నాలుగేండ్ల లోపు 40, ఐదేండ్ల లోపు 50. ఎనిమిది లక్షల బండి ఐదవ యేట నాలుగు లక్షలగును. క్రొత్త బండ్లకు ఇది న్యాయమైన లెక్క. దొంగతనము జరిగినపుడు ఈ విలువనే ఈయవలెనని కూడ టారిఫు చెప్పినది. ఐదేండ్లు దాటిన బండికి, లేదా కంపెనీ తయారు చేయుట మానిన నమూనాకు, పట్టిక లేదు. బీమా చేయువాడును, చేయించుకొనువాడును మాటలాడుకొని ఒప్పుకొన్నదే విలువ.

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. కనుక అంగడిలో క్రొత్త ధర చూచుటకు లేదు. పట్టికయు లేదు. మాటలాడుకొనవలెనని నియమమున్నది, మాటలాడువాడెవడు? ప్రతియేట పాలసీ తిరిగి వ్రాయునపుడు గుమాస్తా గత సంవత్సరపు అంకె చూచి, అందులో పదియో పదిహేనో వంతులు తగ్గించి వ్రాయును. ప్రీమియము కొంత తగ్గును. సొంతదారు సంతోషించి సంతకము చేయును. ఇట్లు పదేండ్లు గడచునప్పటికి, బయట ఎవరైన కోరి లక్షలు పోసి కొనదగిన బండికి పాలసీలో ముప్పదివేలో నలుబదివేలో మిగులును. ఇనుము తూకపు ధర కంటె కొంచెము మెఱుగు. బండి పోయిన నాడు కంపెనీ ఆ అంకెనే చూపును. చూపుటలో దాని తప్పును లేదు, ఒప్పందమే అది. పాత బండ్లవారి పరిహారపు తగాదాలు దొంగ వచ్చిన రాత్రి పుట్టినవి కావు. అంతకు ముందు ఎన్నో యేండ్లుగా, ఒక్కొక్క సంతకముతో, నిశ్శబ్దముగా పెరిగినవి.

దీనికి మందు ఆ టారిఫులోనే యున్నది. చాల పాత కార్లకు, ఓడలకువలెనే, ఒప్పుకొన్న విలువపై పాలసీ వ్రాయవచ్చునని అది అనుమతించినది. బండి పూర్తిగా పోయినచో తరుగుదల తీయక, వ్రాసిన మొత్తమునంతను ఈయవలెను. స్వంత నష్టపు ప్రీమియములో 25 శాతము తగ్గింపు కూడ కలదు. కాని ఆ పేరునకు తగిన కారు 1940 డిసెంబరు 31కి ముందు తయారైనదై, పాత కార్ల సంఘముచే ధ్రువపరుపబడినదై యుండవలెను. చౌమహల్లా ప్రాసాదములో నిలిపిన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ వంటివాటికి ఇది సరిపోవును. నిజాముల కార్లకు తగిన కొలత అల్లాదుర్గపు అంబాసిడరుకు పొడవైనది. 2021లో కేంద్రప్రభుత్వము, ఏబది యేండ్లు దాటి, అసలు రూపము చెడని బండ్లకు వింటేజి బండ్లుగా ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పరచినది. రిజిస్ట్రేషను గుర్తులో వి.ఎ. అను అక్షరములు వచ్చును. క్రొత్తగా చేయించుటకు 20,000 రూపాయల రుసుము. అట్టి బండిని నిత్యము రోడ్డుపై తిప్పరాదు. ప్రదర్శనలకు, పాత కార్ల ర్యాలీలకు, మరమ్మతులకు తీయవచ్చును. మన 1961 బండి ఈ లెక్కకు వచ్చును. ప్రభుత్వము బండి వయస్సును గౌరవముగా చూచిన మొదటి సందర్భమిది యని మా అభిప్రాయము. అంతకుముందు వయస్సు నేరమువలె లెక్కింపబడెను.

ఒప్పుకొన్న విలువకు ఎంత బలమున్నదో ప్రపంచమంతయు ఎరిగిన ఒక ఉదాహరణము కలదు. 1964లో వచ్చిన గోల్డ్‌ఫింగర్ అను చలనచిత్రములో నడచిన ఆస్టన్ మార్టిన్ కారును 1986లో ఒక అమెరికను ధనికుడు వేలములో సుమారు రెండున్నర లక్షల డాలర్లకు కొనెను. 1997 జూను నెలలో ఫ్లోరిడాలోని బోకా రాటన్ విమానాశ్రయపు షెడ్డునుండి అది మాయమైనది. బీమాదారులు దానికి సుమారు 42 లక్షల డాలర్లు చెల్లించిరని పత్రికలు వ్రాసినవి. కొన్న ధరకు పదునారు రెట్లకు పైగా! పదునొకండేండ్లలో పట్టిక లెక్కన అది ఏమి మిగిలెడిదో శ్రోతలు ఊహించుకొనవచ్చును. కారు మారలేదు, లెక్క మారినది.

మరల అల్లాదుర్గము పోవుదము. కారు కనబడలేదు; మనుమడేమి చేయవలెను? మొదట ఠాణాకు పోవలెను. 2024 జూలై 1 నుండి దొంగతనమును భారతీయ న్యాయసంహిత 303వ విభాగము క్రింద నమోదు చేయుదురు. అదే దినము బీమా కంపెనీకి తెలుపవలెను. రవాణా కార్యాలయమునకును ఒక ఉత్తరము వ్రాయవలెను. పిమ్మట కంపెనీ ఒక పరిశోధకుని పంపును. అతడు అడుగు పత్రములు: పాలసీ, రిజిస్ట్రేషను పత్రము, పన్ను రశీదులు, ప్రథమ సమాచార నివేదిక, తాళపుచెవులు రెండును. ఈ రెండవ తాళపుచెవి దగ్గరనే పాతబండ్లవారు చెమట తుడుచుకొందురు. తాతగారి నాటి రెండవ తాళపుచెవి ఏ పెట్టెలో యున్నదో తాతగారికే తెలియును.

ఇంకను చిక్కులు కలవు. రిజిస్ట్రేషను మొదట 15 ఏండ్లకు. అటుపై ఐదేసి యేండ్లకు పునరుద్ధరింపవలెను. అది మరచిన పాతబండ్లు పల్లెలలో కోకొల్లలు. అంతేకాదు. అంబాసిడర్లలో పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించుట ఒకప్పుడు సాధారణమైన పని. ఆ మార్పును రిజిస్ట్రేషను పత్రములో వ్రాయించుకొననిచో, పత్రములోని ఇంజను సంఖ్య ఒకటి, పోయిన ఇంజను సంఖ్య వేరొకటి. పోయినది ఈ కారేనా యని పరిశోధకుడు అడుగును. ఆ ప్రశ్న మనస్సునకు కష్టము కలిగించును. కాని అతని వైపునుండి చూచినచో అసంగతము కాదు. లేని బండిని పోగొట్టుకొన్నవారును లోకములో కలరు.

పోలీసులు వెదకి, జాడ దొరకలేదని తుది నివేదిక వ్రాసి, న్యాయస్థానమునకు పంపుదురు. దానిని న్యాయస్థానము స్వీకరించిన తరువాతనే కంపెనీ చేయి కదలును. నెలలు పట్టుట కలదు. చివరి పత్రము అందిన 30 దినములలో తీర్మానింపవలెననియు, ఆలస్యము చేసినచో బ్యాంకు రేటుకు పైన 2 శాతము వడ్డీ ఈయవలెననియు ప్రాధికార సంస్థ 2017లో చేసిన నిబంధనలు చెప్పినవి. ఈ నిబంధనల బలము చివరి పత్రమను మాటలో నుండెను. ఏది చివరిదో సొంతదారు ముందుగా వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనుట మంచిది. లేనిచో చివరిది ఎప్పటికిని చివరిది కాదు.

పాలసీలలో దొంగతనమును వెంటనే తెలుపవలెనను షరతు కలదు. ఈ ‘వెంటనే’ యను చిన్నమాటపై ఎన్నో పరిహారములు నీరుగారినవి. సుప్రీముకోర్టులోనే రెండు ధోరణులుండగా, తుదకు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము 2020 జనవరి 24న దానిని తేల్చినది. వ్యాజ్యము కారు గూర్చినది కాదు, పంజాబు రైతు ట్రాక్టరు గూర్చినది. 2010 అక్టోబరు 28న ట్రాక్టరు పోయినది. అదే దినము ఠాణాలో నివేదిక నమోదైనది. కంపెనీకి మాత్రము 52 దినముల తరువాత తెలిసినది. ఆలస్యమైనదని కంపెనీ త్రోసిపుచ్చెను. ధర్మాసనమువారి తర్కము ఇట్లున్నది: ప్రమాదము జరిగినపుడు సర్వేయరు వెంటనే బండిని చూడవలసియుండును, దొంగతనములో చూచుటకు బండియే లేదు. అచ్చట ముందుగా కదలవలసినది పోలీసు. సొంతదారు వెంటనే పోలీసుకు తెలిపి, దొంగతనము నిజమైనదని తేలినప్పుడు, కంపెనీకి ఆలస్యముగా తెలిపెనను ఒక్క కారణమున పరిహారము నిరాకరింపరాదు. ఆ ముగ్గురిలో ఒకరైన జస్టిస్ ఎన్.వి. రమణగారు నాటి కృష్ణాజిల్లా పొన్నవరము వారు. మరియొకరైన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డిగారు మన మెదకు జిల్లా చిన్నశంకరంపేట మండలములోని కామారములో జన్మించినవారు. మూడవవారు జస్టిస్ బి.ఆర్. గవాయిగారు. పాత స్మృతికారుడు ఈ తీర్పు చదివినచో, జాడ వెంటనే తీసితివి, చాలునని తల ఊపియుండెడివాడు.

అంతకు ముందే 2011 సెప్టెంబరులో ప్రాధికార సంస్థ, ఆలస్యమను సాకుతో యాంత్రికముగా పరిహారములు త్రోసివేయరాదని కంపెనీలకు ఉత్తరువు పంపియుండెను. 2008లో సుప్రీముకోర్టు మరియొక మాట చెప్పెను. స్వంతమునకని బీమా చేసిన బండిని అద్దెకు త్రిప్పుచుండగా దొంగలెత్తుకొని పోయిరి. షరతు తప్పిన మాట నిజమే. కాని దొంగతనమునకు ఆ తప్పు కారణము కాదు. అందుచే పరిహారమును పూర్తిగా నిరాకరింపరాదని, నాలుగింట మూడువంతులు ఈయవలెనన్న క్రింది నిర్ణయమును నిలిపెను. పెండ్లిళ్లకు అంబాసిడరును బాడుగకు ఇచ్చెడివారికి ఇది పనికివచ్చు తీర్పు. వివాదము వచ్చినచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మనుకు వ్రాయవచ్చును. వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చును. న్యాయవాది లేకయే వాదించుకొను హక్కు అచ్చట కలదు. అయితే ఏ న్యాయస్థానమును పాలసీలో వ్రాసిన నలుబదివేలను నాలుగు లక్షలు చేయజాలదు. అది చేయదగిన సమయము పాలసీ వ్రాసిన నాడే. ఛాయాచిత్రములు, మరమ్మతుల రశీదులు, తెలిసిన విలువకట్టువాని ధ్రువపత్రము చేతబట్టుకొని, గుమాస్తా బల్లయెదుట కూర్చుండి, ఆ అంకెను దిద్దించుకొని లేవవలెను.

డబ్బు చేతికి వచ్చిన దినమున మనుమడు కొన్ని కాగితములపై సంతకము చేయవలెను. బదిలీ ఫారములు, ఒక హక్కుపత్రము. పూర్తి పరిహారము ఇచ్చిన కంపెనీ ఇకపై ఆ బండి విషయమున సొంతదారుని స్థానములో నిలుచును. ఇచటనే పాతబండికిని క్రొత్తబండికిని భేదము తెలియును. క్రొత్తబండి పోయినవాడు డబ్బు తీసికొని మరియొకటి కొనును, పోయినదానిని తలచుకొనడు. తాతగారి బండి పోయినవాడు సంతకము చేయుచు ఆగి అడుగును: రేపు దొరకినచో నాకు ఇత్తురా?

ఒప్పందము ప్రకారము దొరకిన బండి కంపెనీది. దానిని వేలము వేయుట దాని హక్కు. సొంతదారుడు తిరిగి కొనగోరినచో ముందుగా వ్రాతమూలకముగా ఆ కోరిక తెలిపియుండుట మేలు. చాల కంపెనీలకు బండిని ఎవరు కొన్నను ఒక్కటే. డబ్బు ముట్టక మునుపే దొరకినచో సంగతి వేరు. బండి సొంతదారునిదే, న్యాయస్థానములో పూచీ యిచ్చి విడిపించుకొనవచ్చును. 2002 అక్టోబరులో సుప్రీముకోర్టు, పట్టుబడిన బండ్లను ఠాణాల ఆవరణలలో ఏండ్ల తరబడి కుళ్లనీయరాదని, ఛాయాచిత్రములు తీసి, పంచనామా వ్రాసి, త్వరగా విడుదల చేయవలెనని ఆదేశించెను. అయినను రహదారుల వెంట ప్రయాణము చేయువారు ఠాణాల గోడల ప్రక్కన గడ్డి మొలచిన బండ్లను చూచుచునే యున్నారు. మేమును ఆ దారిని పోవునపుడెల్ల చూతుము. టైరులు నేలలో దిగి, అద్దములు పగిలి, వానకు ఎండకు నిలిచియుండును. వాటిలో అప్పుడప్పుడు ఒక గుండ్రని వీపుగల పాత అంబాసిడరు కనబడినచో, దీని పరిహారము తీరినదా, తీరక ఎవరింటనైన ఇంకను రెండవ తాళపుచెవి వెదకుచున్నారా యని అనుకొందుము.